పిల్లల హోమ్‌లో సిబ్బంది కొడుతున్నారు, గదిలో పెడుతున్నారు: ఫిర్యాదు ఎవరికి, ఎలా?

తీరం_వెంట
విశాఖలో మా పేటకి దగ్గర్లో ఒక ట్రస్టు వాళ్ల పిల్లల హోమ్ ఉంది. 40 మంది మగపిల్లలు, ఆరేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా. ఆదివారాలు లెక్కలు చెప్పడానికి వెళ్తాను. అక్కడ చూస్తున్నవి ఇవి. పక్క తడిపే పిల్లలకి సాయంత్రం నాలుగు దాటితే మంచినీళ్లు ఇవ్వరు. తడిపితే ఆ దుప్పటి నెత్తిన పెట్టి వరండాలో నిలబెడతారు. ఎదురు చెప్తే సామాన్ల గదిలో పెట్టి గొళ్లెం. పెద్దపిల్లల్లో ఇద్దరిని 'లీడర్లు' చేసి వాళ్ల చేత కొట్టిస్తున్నారు. అడిగితే "పిల్లలూ పిల్లలూ కొట్టుకున్నారు సార్" అంటారు. ఒక బాబు పిక్క మీద బెత్తం వాత కూడా కనపడింది. సూపరింటెండెంట్‌కి చెప్పాలా, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెయ్యాలా, స్టేషన్‌కి వెళ్లాలా? నేనే చెప్పానని తెలిస్తే నన్ను రానివ్వరు, అది పర్లేదు. ఆ పిల్లలకి ఇంకో నాలుగు పడతాయేమోనని భయం.

కంచరపాలెం_కుర్రోడు
ఏటండీ ఇది, ఈ ఉక్కపోతలో పిల్లలకి నీళ్లు ఇవ్వకపోవడమేటి! ఫోన్‌లో ఓ వీడియో తీసి గ్రూపుల్లో వదిలెయ్యండి. రెండు గంటల్లో కలెక్టర్ దాకా పోద్ది.

వాల్తేరు_వకీలు
వద్దు. బాల న్యాయ చట్టం 2015లో సెక్షన్ 74 ఉంది. పిల్లల పేరు, ముఖం, బడి, గుర్తుపట్టే ఏ వివరమైనా బయట పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ముఖం మసక చేస్తే సరిపోతుందనుకుంటారు. వెనక హోమ్ బోర్డు, ఒంటి మీద యూనిఫామ్, గొంతు, ఇవన్నీ పట్టిచ్చేవే. కొట్టినవాడి మీద కేసు కాకముందే వీడియో పెట్టినవాడి మీద కేసు అవుతుంది.

కంచరపాలెం_కుర్రోడు
మరి సాక్ష్యం ఉండొద్దా?

వాల్తేరు_వకీలు
ఉండాలి. దొరికింది ఉంటే ఫోన్‌లోనే ఉంచాలి. వాట్సాప్‌లో పంపితే ఫైల్ కుదించుకుపోతుంది, ఎప్పుడు ఏ ఫోన్‌తో తీశారన్న వివరం రాలిపోతుంది. అసలు ఫైల్ కదపకుండా ఉంచి పోలీసులకి గానీ బాలల సంక్షేమ సమితికి (జిల్లాలో పిల్లల రక్షణ కేసులు చూసే సమితి) గానీ నేరుగా అప్పగించాలి. కోర్టులో అది నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చెయ్యాలి. దాని సంగతి దర్యాప్తు అధికారి చూసుకుంటారు. అసలు ఫైల్ పోకుండా చూడటం ఒక్కటే మన పని.

బీచ్‌రోడ్_బామ్మ
ముందు సూపరింటెండెంట్‌కి ఒక మాట చెప్పి చూడొచ్చు కదా. అందరూ చెడ్డవాళ్లు ఉండరు. రాత్రి డ్యూటీ కేర్‌టేకర్ ఏం చేస్తున్నాడో పైవాళ్లకి తెలియని చోట్లూ ఉంటాయి.

సమితి_గుమ్మం
బామ్మగారూ, విషయాన్ని బట్టి ఉంటుంది. కూర బాగాలేదు, బాత్రూమ్ గడియ విరిగింది, దుప్పట్లు చాలలేదు అంటే ముందు లోపలే చెప్పాలి, నిజమే. దెబ్బలు, గదిలో బంధించడం, తిండీ నీళ్లూ ఆపడం, ఒంటి మీద చెయ్యి వెయ్యడం మాత్రం లోపల ముందు చెప్పకూడదు. చెప్పిన రాత్రే రిజిస్టర్ తిరగరాస్తారు. ఆ పిల్లాడిని "వాళ్ల మావయ్య వచ్చి తీసుకెళ్లాడు" అని ఇంకోచోటికి పంపేస్తారు. మిగతా పిల్లల్ని కూర్చోబెట్టి ఏం చెప్పాలో బట్టీ పట్టిస్తారు. వారం పది రోజులకి వాతలు ఎలాగూ మాయమవుతాయి. తనిఖీకి వచ్చేసరికి అంతా శుభ్రంగా ఉంటుంది.

సమితి_గుమ్మం
ఇందాకటి దానికి కలుపుతున్నా. 'లీడర్' పద్ధతి చాలా పాతది. పిల్లాడి చేతికి కర్ర ఇస్తే సిబ్బంది చేతికి మట్టి అంటదు. ఫిర్యాదులో "పిల్లలు కొట్టుకుంటున్నారు" అని రాస్తే ఆ లీడర్ పిల్లాడే దోషి అయిపోతాడు. వాడూ ఆ హోమ్ పిల్లాడే, వాడికీ రక్షణ కావాలి. "ఫలానా సిబ్బంది సమక్షంలో, వారు చెప్పగా" అని, విన్న మాట విన్నట్టు రాయండి.

కేజీహెచ్_నర్సమ్మ
పక్క తడపడం గురించి ముందు చెప్పనివ్వండి, అది క్రమశిక్షణ విషయమే కాదు. ఆరేడేళ్ల పిల్లల్లో మామూలుగానే ఉంటుంది. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలకి భయం వల్ల మళ్లీ మొదలవుతుంది. మలబద్ధకం పెద్ద కారణం, దాన్ని ఎవరూ అడగరు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఇంకోటి. నీళ్లు ఆపితే మలబద్ధకం పెరిగి, మూత్రం చిక్కబడి తడపడం ఇంకా ఎక్కువవుతుంది. చెయ్యాల్సింది తేలిక: పగలు బాగా తాగించడం, పడుకునే ముందు గంటలో కాస్త తగ్గించడం, నిద్రకి ముందు బాత్రూమ్‌కి పంపడం, మంచం మీద రబ్బరు షీటు, తెల్లారి గొడవ చెయ్యకుండా బట్టలు మార్చడం.
ఒక్క హెచ్చరిక. ఇన్నాళ్లూ తడపని పిల్లాడు ఉన్నట్టుండి తడుపుతూ, దాహం దాహం అంటూ, బరువు తగ్గుతుంటే ఆ రోజే రక్తంలో షుగర్ చూపించాలి. అలాంటి పిల్లాడికి నీళ్లు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

తీరం_వెంట
నర్సమ్మగారూ, ఇది రాసినందుకు చాలా థాంక్స్. వాత గురించి ఎలా రాయాలి? "మూడు రోజుల కిందటి దెబ్బ" అనిపించింది నాకు.

కేజీహెచ్_నర్సమ్మ
ఎన్ని రోజులదో రాయకండి. కమిలిన రంగును బట్టి దెబ్బ వయసు కచ్చితంగా చెప్పడం డాక్టర్లకే కుదరదు. అవతలి వకీలు అక్కడే పట్టుకుంటాడు. కనపడింది రాయండి: ఒంట్లో ఏ భాగం, కుడా ఎడమా, ఎంత పొడవు, ఏ ఆకారం, ఏ రంగు, ఏ తేదీ ఎన్ని గంటలకి చూశారు. బెత్తం దెబ్బకి ఒక గుర్తు ఉంది. కర్ర తగిలిన చోట మధ్యలో తెల్లగా, అటూ ఇటూ రెండు ఎర్రగీతలు పక్కపక్కనే రైలు పట్టాల్లా వస్తాయి. బెల్టు అయితే అంచు, బకిల్ ఆకారం పడుతుంది. ఆడుకుంటూ పడితే మోకాలు, మోచెయ్యి, నుదురు మీద తగులుతాయి. పిక్క వెనక, తొడ వెనక, వీపు, చెవి మీద ఉంటే అనుమానించాలి. కాగితం మీద మనిషి బొమ్మ గీసి, ముందు ఒకటి వెనక ఒకటి, ఆ చోట గుర్తు పెట్టండి. చొక్కా విప్పించి చూడటం మాత్రం మీ పని కాదు.

సింహాచలం_మెట్లు
పిల్లాడిని ఎలా అడగాలి? అది ఎవరూ చెప్పలేదు.

సమితి_గుమ్మం
అడగకూడదు, వినాలి. వాడే మొదలుపెడితే "ఏమైంది?" అని ఒక్కసారి, "తర్వాత?" అని ఒక్కసారి. "సార్ కొట్టాడా? బెల్టుతోనా?" అని అందించకూడదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వకూడదు. "నీకు సాయం చెయ్యగలిగినవాళ్లకి చెప్తాను" అనండి, అంతే. బయటికి రాగానే వాడి మాటల్లోనే రాసుకోండి. వాడు "కర్ర నాన్న కొట్టాడు" అంటే అలాగే రాయాలి, "కేర్‌టేకర్ దాడి చేశాడు" అని దిద్దకూడదు. పదే పదే అడిగిస్తే మాట మారుతుంది. మారిన మాటే అవతలివాళ్లకి ఆయుధం.

పాడేరు_ఘాట్
మన్యం పిల్లలు విశాఖ హోమ్‌లలో చాలామంది ఉంటారు. కొందరికి ఇంట్లో భాష కువి, కొందరికి ఆదివాసీ ఒడియా. తెలుగులో అడిగితే ఆఁ, ఊఁ అని తలూపుతారు. దాన్ని చూసి "పిల్లలు ఏ ఇబ్బందీ లేదన్నారు" అని రాసుకుపోతారు. ఫిర్యాదులోనే ఒక వాక్యం పెట్టండి: పిల్లల భాష తెలిసిన మనిషి సమక్షంలో, సిబ్బంది లేకుండా మాట్లాడాలి అని. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసైతే అనువాదకుడి సాయం తీసుకోవచ్చని చట్టంలోనే ఉంది.

జగదాంబ_జంక్షన్
1098 ఇప్పుడు పనిచేస్తోందా? ఏదో మారిందన్నారు.

సమితి_గుమ్మం
పనిచేస్తుంది, 24 గంటలూ. ఇదివరకు స్వచ్ఛంద సంస్థల చేతిలో ఉండేది. 2023 నుంచి మిషన్ వాత్సల్య అనే పిల్లల రక్షణ పథకం కింద ప్రభుత్వమే నడుపుతోంది, అత్యవసర నంబర్ 112తో కలిపారు. ఫోన్ చేసేటప్పుడు కోపం తగ్గించుకుని నాలుగు ముక్కలు వరసగా చెప్పండి: హోమ్ ఎక్కడ (పక్కన గుడో బంకో ఏదుందో సహా), ఎంతమంది పిల్లలు, ఈ క్షణంలో ప్రమాదం ఉందా, మీరు కళ్లతో చూసింది ఏది విన్నది ఏది. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. కాల్ నమోదు నంబర్ అడిగి తీసుకోండి. అది లేకపోతే రేపు "అలాంటి కాల్ రాలేదు" అంటారు.
పిల్లాడు ఇప్పుడే గదిలో ఉన్నాడు, గొళ్లెం వేసి ఉంది అంటే ఇంకేం ఆలోచించకుండా 112.

గాజువాక_గాలి
పోలీసులు తీసుకోరండీ. "ఇది నాన్ కాగ్నిజబుల్, కోర్టు నుంచి ఆర్డర్ తెచ్చుకోండి" అంటారు.

వాల్తేరు_వకీలు
అది ఊరికే తప్పించుకునే మాట కాదు, సగం నిజం. కాగ్నిజబుల్ అంటే కోర్టు ఆర్డర్ లేకుండానే పోలీసులు కేసు పెట్టి దర్యాప్తు చెయ్యగలిగే నేరం, నాన్ కాగ్నిజబుల్ అంటే ఆర్డర్ లేనిదే చెయ్యలేనిది. హోమ్ సిబ్బంది పిల్లల మీద క్రూరంగా ప్రవర్తిస్తే బాల న్యాయ చట్టం సెక్షన్ 75 కింద ఐదేళ్ల దాకా కఠిన జైలు, 5 లక్షల దాకా జరిమానా. 2021 సవరణలో మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాల్ని నాన్ కాగ్నిజబుల్‌లో పడేశారు. పిల్లల మీద నేరాల్లో ఇలా చెయ్యడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.
దారి ఉంది. ఒకే ఘటనలో రెండు మూడు నేరాలుండి, వాటిలో ఒక్కటి కాగ్నిజబుల్ అయినా మొత్తం కేసు కాగ్నిజబుల్ కిందే లెక్క, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 174 అదే చెప్తుంది. గదిలో బంధించడం బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) సెక్షన్ 127, కాగ్నిజబుల్. ప్రమాదకరమైన వస్తువుతోనో, కాల్చిన వస్తువుతోనో గాయం చేస్తే 118, అదీ కాగ్నిజబుల్. ఎముక విరిగితే 117. కాబట్టి అర్జీలో కొట్టడం ఒక్కటే రాసి వదలకండి. ఆ సామాన్ల గది, గొళ్లెం, ఎంతసేపు అన్నది ముందు రాయండి.
ఆ క్రూరత్వం వల్ల పిల్లాడి ఒళ్లు పనిచెయ్యకుండా పోయినా, మానసిక జబ్బు వచ్చినా, ప్రాణానికో అవయవానికో ముప్పు వచ్చినా అదే సెక్షన్ 75 కింద మూడేళ్లకి తగ్గకుండా పదేళ్ల దాకా. అది ఎలాగూ కాగ్నిజబులే.

గాజువాక_గాలి
ఇంత వివరంగా ఎస్సైకి చెప్తే కుర్చీ వేస్తారు.

వాల్తేరు_వకీలు
వెయ్యకపోయినా పర్లేదు, అర్జీ తీసుకోవాలి. ప్రతి స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి అని ఒకరుంటారు, ఏఎస్సై హోదాకి తగ్గకుండా. ఆయన ఎవరని అడగండి. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసి సరైన స్టేషన్‌కి పంపేది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అస్సలు తీసుకోకపోతే పోలీసు కమిషనర్‌కి రాతపూర్వకంగా పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేట్.

అనకాపల్లి_బెల్లం
పరిధి అంటే గుర్తొచ్చింది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి జిల్లా మూడు ముక్కలైంది. పెందుర్తి, భీమిలి, గాజువాక విశాఖ జిల్లా. సబ్బవరం, పరవాడ అనకాపల్లి. పాడేరు, అరకు అల్లూరి జిల్లా. ఊరి చివర హోమ్ అయితే పోస్టల్ అడ్రస్‌లో విశాఖపట్నం అని ఉన్నా మండలం అనకాపల్లి జిల్లాది కావచ్చు. తప్పు కలెక్టరేట్‌లో ఇస్తే కాగితం అటూ ఇటూ తిరిగి నెల పోతుంది. ముందు మండలం చూసుకోండి.

తీరం_వెంట
మాది విశాఖ జిల్లాయే, చూసుకున్నాను. కలెక్టర్‌కి కూడా ఇవ్వాలా? సమితికి ఇస్తే చాలదా?

సమితి_గుమ్మం
ఒకే గుమ్మానికి ఎప్పుడూ ఇవ్వకండి. సమితికి, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌కి, కలెక్టర్‌కి, ఒకే రోజు ఒకే కాగితం, పైన ఎవరెవరికి కాపీ వెళ్లిందో రాసి. ఒకరి కాపీ ఇంకొకరికి కనపడితేనే కదులుతుంది.
సమితి అంటే చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు, అందులో కనీసం ఒక మహిళ. మేజిస్ట్రేట్ అధికారాలు ఉంటాయి. నెలకి కనీసం రెండు తనిఖీలు చెయ్యాలి. కలెక్టర్ ఎందుకంటే, సమితి పనితీరు మీద ఫిర్యాదులు వినేది కలెక్టరే, మూడు నెలలకోసారి సమీక్షించేదీ ఆయనే. సోమవారం మహారాణిపేట కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే నమోదు నంబర్ వస్తుంది. అక్కడ జనంలో నిలబడి హోమ్ పేరు, పిల్లాడి పేరు గట్టిగా చెప్పకండి. కవర్‌లో పెట్టి "బాలల రక్షణ, గోప్యం" అని రాసి ఇవ్వండి.

బీచ్‌రోడ్_బామ్మ
హోమ్‌లో ఫిర్యాదుల పెట్టె అని ఒకటి ఉంటుంది కదా? పిల్లలే రాసి వెయ్యొచ్చు.

సమితి_గుమ్మం
ఉండాలి. ఆఫీసు గదికి దూరంగా, పిల్లలు పడుకునే గదులకి దగ్గరగా పెట్టాలని బాల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 మోడల్ రూల్స్‌లో ఉంది. తాళంచెవి హోమ్ వాళ్ల దగ్గర ఉండకూడదు, మేనేజ్‌మెంట్ కమిటీ చైర్‌పర్సన్ దగ్గర ఉండాలి, అంటే జిల్లా బాలల సంరక్షణ అధికారి. వారానికోసారి పిల్లల కమిటీ ఎదుట తెరవాలి.
ఇప్పుడు వెళ్లినప్పుడు ఆ పెట్టెను ఒకసారి చూడండి. సూపరింటెండెంట్ కుర్చీ వెనక గోడకి ఉందా? తాళం కప్ప తుప్పు పట్టి, చీలిక మీద సాలెగూడు ఉందా? సముద్రపు గాలికి తాళం నెల రోజుల్లో తుప్పెక్కుతుంది. వారం వారం తెరిచే తాళం అలా బిగుసుకుపోదు. ఆ ఒక్క ముక్క ఫిర్యాదులో రాస్తే తనిఖీకి వచ్చినవాళ్లు ముందు అక్కడికే వెళ్తారు.

స్టోర్_రిజిస్టర్
తిండి విషయం ఎవరూ ఎత్తలేదు. దెబ్బల్ని కాదనొచ్చు గానీ కిలోల్ని కాదనలేరు. మోడల్ రూల్స్‌లో రోజుకి ఒక పిల్లాడికి బియ్యమో గోధుమో రాగో కలిపి 600 గ్రాములు, పప్పు 120 గ్రాములు, నూనె 25 గ్రాములు, పొద్దున పాలు 150 మిల్లీలీటర్లు అని ఉంది. 40 మందికి లెక్క కట్టండి: ధాన్యం 24 కిలోలు, పప్పు 4 కిలోల 800 గ్రాములు, నూనె కిలో, పాలు 6 లీటర్లు.
ఇప్పుడు వంటగదిలోకి చూడండి. పొద్దున వచ్చే అరలీటరు పాల ప్యాకెట్లు 12 ఉండాలి. 5 ఉంటే మిగతాది నీళ్లే. పప్పు 4.8 కిలోలు ఉడికితే పెద్ద గిన్నెలో గరిట నిలబడుతుంది. అడుగు కనిపించే పప్పుచారు అయితే పోసింది కిలోన్నర. రిజిస్టర్‌లో మాత్రం 4.8 అనే ఉంటుంది, 40 మంది లేని రోజు కూడా. దసరా సెలవులకి సగం మంది ఊళ్లకి వెళ్లినా అదే 4.8. హాజరు రిజిస్టర్, స్టాక్ రిజిస్టర్ పక్కపక్కన పెడితే దొంగలెక్క అక్కడ దొరుకుతుంది.

కంచరపాలెం_కుర్రోడు
దాతలు తెచ్చిన బియ్యం బస్తాలు ఎక్కడ రాస్తారు మరి?

స్టోర్_రిజిస్టర్
విరాళాలకి వేరే రిజిస్టర్ ఉండాలి. పుట్టినరోజు భోజనం ఎవరో పెట్టిన రోజు స్టాక్‌లో మధ్యాహ్నం ఖర్చు రాయకూడదు. రెండూ రాస్తే ఆ సరుకు బయటికి పోయినట్టే. మీరు దాత అయితే ఏం ఇచ్చారో రాయించి రసీదు తీసుకోండి, తేదీతో. పిల్లలతో సెల్ఫీ దిగి ఫేస్‌బుక్‌లో పెట్టకండి. వకీలుగారు చెప్పిన సెక్షన్ 74 దాతలకీ వర్తిస్తుంది.

కేజీహెచ్_నర్సమ్మ
తిండితో పాటు మందులు కూడా చూడాలి. కొన్నిచోట్ల రాత్రి పిల్లలు గోల చెయ్యకుండా జలుబు, అలర్జీ సిరప్ పోసి పడుకోబెడతారు. అవి మగత తెస్తాయి. నలభై మందికి ఒకే సీసా, ఒకే మూత. హోమ్‌లో ఏ మందైనా డాక్టర్ చీటీ మీదే ఇవ్వాలి. ప్రతి పిల్లాడికీ వైద్య ఫైలు ఉండాలి, నెలకోసారి పరీక్ష జరగాలి. పొద్దున పది గంటలకి కూడా తూలుతూ, మాట ముద్దగా వస్తుంటే రాసుకోండి. వేళ్ల సందుల్లో గజ్జి నలుగురైదుగురికి ఒకేసారి ఉంటే పక్కలు ఇరుకు, దుప్పట్లు పంచుకుంటున్నారని అర్థం. గజ్జికి మందు అందరికీ ఒకే రోజు రాయాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఒక్కడికి రాస్తే వారంలో మళ్లీ వస్తుంది.

స్టోర్_రిజిస్టర్
ఇరుకు అన్నారు కాబట్టి: పడక గదిలో ఒక్కో పిల్లాడికి 40 చదరపు అడుగులు, ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాల గది. 40 మందికి ఆరు మరుగుదొడ్లు, నాలుగు స్నానాల గదులు. రెండిటికి తాళం వేసి సిబ్బంది వాడుకుంటుంటే ఆ రెండూ లెక్కలోకి రావు.

ఆయా_అక్క
లోపల పనిచేసేవాళ్ల సంగతి కూడా చెప్పండి. వంటమనిషికీ ఆయాకీ అన్నీ తెలుసు. నోరెత్తితే జీతం పోద్ది.

వాల్తేరు_వకీలు
అక్కా, రెండు మాటలు. లైంగికమైన తప్పు అని తెలిసినా అనుమానం వచ్చినా పోక్సో సెక్షన్ 19 కింద చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు. హోమ్ నడిపేవాళ్లు కింది ఉద్యోగి తప్పును దాస్తే ఏడాది దాకా. అదే చట్టం ఇంకో వైపు కాపాడుతుంది కూడా: నమ్మి మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ కేసూ క్రిమినల్ కేసూ పెట్టడానికి లేదు. కోర్టు రుజువు మన పూచీ కాదు, చెప్పడమే మన పూచీ. ఇక పోలీసులు 24 గంటల్లో సమితికీ ప్రత్యేక కోర్టుకీ తెలియజెయ్యాలి. పిల్లల వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫామ్‌లో ఉండకూడదు. పిల్లల్ని రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు.
మామూలు దెబ్బల విషయంలో అక్క తన పేరు పెట్టడానికి భయపడితే 1098కి పేరు లేకుండా చెప్పొచ్చు. లేదా జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చెయ్యొచ్చు. మహిళలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు.

ఆయా_అక్క
పేరు లేని ఉత్తరం పనికొస్తదా?

సమితి_గుమ్మం
"ఆ హోమ్‌లో అన్యాయం జరుగుతోంది" అని రాస్తే చెత్తబుట్టకే. "మంగళవారం రాత్రి 9 నుంచి బుధవారం పొద్దున 6 దాకా వంటింటి పక్క సామాన్ల గదిలో పిల్లాడిని పెట్టారు, లోపల చాప, బకెట్ ఉన్నాయి" అని రాస్తే పేరు లేకపోయినా పారెయ్యలేరు. సామాన్ల గదికి బయట గొళ్లెం ఉండటం మామూలే. లోపల పడుకునే చాప, మూత్రానికి బకెట్, తలుపు వెనక గోటి గీతలు ఎందుకుంటాయి? సంతకం ఉన్న ఫిర్యాదు ఎప్పుడూ బలంగా ఉంటుంది, అది వేరే సంగతి. "నా వివరాలు గోప్యంగా ఉంచాలి" అని మొదటి వాక్యంలోనే అడగండి.

సింహాచలం_మెట్లు
ఇదంతా చేస్తే హోమ్ మూసేస్తారు. ఆ నలభై మంది ఎక్కడికి పోతారు? ఉన్న నీడ కూడా పోతుంది. నాకైతే ఇంత దూరం వెళ్లడం ఇష్టం లేదు.

బీచ్‌రోడ్_బామ్మ
నాకూ అదే గుబులు.

సమితి_గుమ్మం
మీ గుబులు న్యాయమే. చాలాసార్లు జరిగేది అదే: ఫిర్యాదు చేసిన పిల్లాడిని మర్నాడే వంద కిలోమీటర్ల అవతల హోమ్‌కి మార్చేస్తారు. బడి మధ్యలో పోతుంది, స్నేహితులు పోతారు. కొట్టినవాడు అదే కుర్చీలో ఉంటాడు. శిక్ష పిల్లాడికి పడినట్టు. అందుకే అర్జీలో ఏం అడుగుతున్నామో రాయాలి. "విచారణ పూర్తయ్యేదాకా ఆ సిబ్బందిని పిల్లల నుంచి దూరంగా ఉంచండి, పిల్లల్ని బడి మార్చకండి" అని అడగండి. రిజిస్ట్రేషన్ రద్దయినా తలుపుకి తాళం వేసి పొమ్మనరు, కొత్త ఏర్పాటు అయ్యేదాకా రాష్ట్ర ప్రభుత్వమే నడపాలని బాల న్యాయ చట్టం సెక్షన్ 41లో ఉంది.

వాల్తేరు_వకీలు
సెక్షన్ 82 కూడా చేర్చండి. హోమ్‌లో శారీరక శిక్షకి మొదటిసారి పదివేల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నెలల దాకా జైలు. చిన్నదిగా కనపడుతుంది గానీ ఉద్యోగం నుంచి తీసెయ్యడం, మళ్లీ పిల్లల దగ్గర పని చెయ్యకుండా నిషేధం దాంట్లోనే ఉన్నాయి. యాజమాన్యం విచారణకి సహకరించకపోతే బాధ్యుడికి మూడేళ్లకి తగ్గని జైలు.

అనకాపల్లి_బెల్లం
రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందు చూడండి. ఐదేళ్లకోసారి పునరుద్ధరించాలి. లేకుండా నడిపితే సెక్షన్ 42 కింద ఏడాది దాకా జైలు, లేదా లక్షకి తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆర్టీఐ పెట్టండి, జిల్లా కార్యాలయానికి ఫీజు పది రూపాయలు, 30 రోజుల్లో జవాబు. అడగాల్సింది: రిజిస్ట్రేషన్ కాపీ, గడువు తేదీ, గత రెండేళ్ల తనిఖీ నివేదికలు పిల్లల పేర్లు కొట్టేసి. తనిఖీ కమిటీ మూడు నెలలకోసారి వెళ్లాలి, ముగ్గురికి తగ్గకుండా, అందులో ఒక మహిళ, ఒక డాక్టర్. రెండేళ్లకి ఎనిమిది నివేదికలు ఉండాలి. రెండే వచ్చాయంటే ఆ విషయమే ఇంకో ఫిర్యాదు.

పాడేరు_ఘాట్
తనిఖీ ఎప్పుడు జరగాలో కూడా అడగండి. మధ్యాహ్నం 12కి వస్తే పిల్లలు బడిలో ఉంటారు, వరండా కడిగి ఉంటుంది. పొద్దున 6 గంటలకి రమ్మనండి. తడిసిన దుప్పట్లు ఎక్కడున్నాయో, ఎవరు ఉతుకుతున్నారో అప్పుడు కనపడుతుంది.

తీరం_వెంట
అందరి మాటలూ పెట్టుకుని రాశాను. చూడండి.

"నా వివరాలు గోప్యంగా ఉంచగలరు. 12వ తేదీ ఆదివారం సాయంత్రం 4.40కి భోజనాల గది బయట ఫిల్టర్ దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఏడెనిమిదేళ్ల బాబు చేతిలో గ్లాసు కేర్‌టేకర్ అత్యంత రాక్షసంగా లాక్కున్నారు. 'రాత్రి తడిపేస్తావు, పో' అనడం నేను విన్నాను. 19వ తేదీ ఆదివారం ఉదయం 10.15కి అదే బాబు కుడి పిక్క వెనక రెండు ఎర్రగీతలు పక్కపక్కన చూశాను, పొడవు సుమారు 6 సెంటీమీటర్లు, మధ్యలో తెల్లగా ఉంది, రెండు మూడు రోజుల కిందటిది. అదే రోజు 11 గంటలకి పుస్తకాలు తీసుకోవడానికి తలుపు తీసినప్పుడు సామాన్ల గదిలో చాప, నీలం రంగు బకెట్ చూశాను. ఒక పెద్దబాబు 'నిన్న రాత్రి ఇక్కడే పడుకున్నాను, బయట గడి పెట్టారు' అన్నాడు. ఫిర్యాదుల పెట్టె ఆఫీసు గదిలో ఉంది, తాళం తుప్పు పట్టి ఉంది. కోరేది: సిబ్బంది లేకుండా, వారి భాష తెలిసిన మనిషితో పిల్లలతో మాట్లాడాలి. ఆ బాబుకి వైద్య పరీక్ష చేయించాలి. ఉదయం 6 గంటలకి తనిఖీ చెయ్యాలి. విచారణ అయ్యేదాకా ఆ సిబ్బందిని దూరంగా ఉంచాలి, పిల్లల్ని మార్చకూడదు."

కేజీహెచ్_నర్సమ్మ
"రెండు మూడు రోజుల కిందటిది" మళ్లీ వచ్చేసింది. కొట్టెయ్యండి. వైద్య పరీక్షతో పాటు మూత్ర పరీక్ష, షుగర్ పరీక్ష అని కూడా రాయండి.

వాల్తేరు_వకీలు
"అత్యంత రాక్షసంగా" తీసెయ్యండి. కోపం మనకి ఉంటే చాలు, కాగితానికి అక్కర్లేదు. "గడి పెట్టారు" అన్న మాట బంగారం, సెక్షన్ 127 అక్కడే నిలబడుతుంది. ఎవరు పెట్టారని మీరు మళ్లీ వెళ్లి అడగకండి. ఆ గది ఏ వైపు ఉందో రాయండి, వచ్చినవాళ్లు వెతుక్కోకూడదు.

స్టోర్_రిజిస్టర్
చివర ఒక వాక్యం: హాజరు, స్టాక్, భోజన రిజిస్టర్లు తనిఖీ రోజే స్వాధీనం చేసుకోవాలి. మర్నాటికి వదిలితే కొత్త పుస్తకం వస్తుంది.

తీరం_వెంట
అన్నీ దిద్దాను. సోమవారం కలెక్టరేట్‌లో ఒకటి, సమితిలో ఒకటి, సంరక్షణ యూనిట్‌లో ఒకటి ఇస్తాను. ఇవాళ రాత్రికే 1098కి చేసి నమోదు నంబర్ అర్జీ పైన రాస్తాను.

సమితి_గుమ్మం
నాలుగు కాపీలు తీసుకెళ్లండి. నాలుగోదాని మీద మూడు చోట్లా ముద్ర, తేదీ, తీసుకున్నవాళ్ల సంతకం వేయించుకోండి. ముద్ర వెయ్యం అని వాళ్లంటే స్పీడ్ పోస్ట్‌లో పంపి రసీదు దాచండి. 15 రోజులకి కదలకపోతే ఆ నాలుగో కాపీ జిరాక్స్ జత చేసి రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కి పంపండి. ఈ మధ్యలో ఆదివారాలు మానకండి. మీరు మానేస్తే ఎవరు చెప్పారో వాళ్లకి ఆ రోజే అర్థమైపోతుంది, పిల్లలకి బయటి మనిషి కనపడటం కూడా ఆగిపోతుంది.

ఆయా_అక్క
తీరంగారూ, మీరు రాసిన అర్జీలో సామాన్ల గది తలుపు తీసినప్పుడు అని ఉంది కదా. ఆ తాళంచెవి మీకు ఎవరిచ్చారో రాయకండి. ఆ మనిషిది కూడా నాలాంటి ఉద్యోగమే.

తీరం_వెంట
తీసేశాను అక్కా. "తలుపు తీసి ఉన్నప్పుడు" అని మార్చాను. నిజంగా తీసే ఉంది.